ఆకాశంలో మరమ్మతు: స్కైలాబ్ నుంచి పాలమూరు మూలాల రాజాచారి దాకా

మనుషులు నెలల తరబడి నివసిస్తూ పరిశోధనలు చేసుకునేందుకు వీలుగా భూమి చుట్టూ తిరుగుతూ ఉండే కట్టడాన్ని అంతరిక్ష కేంద్రం అంటారు. దాన్ని పైకి పంపిన రోజు గురించి, అది కిందపడ్డ రోజు గురించి లోకం చెప్పుకున్నంతగా, చెడిపోయినప్పుడు దాన్ని బాగుచేయడానికి వెళ్లినవారి గురించి చెప్పుకోలేదు. తెలంగాణలో ఈ మరుపు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో అరవై దాటినవారికి స్కైలాబ్ పేరు చెబితే అది నెత్తిన పడుతుందని వణికిన రోజులు గుర్తుకొస్తాయి. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి వెళ్లివచ్చిన సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. కుటుంబ మూలాలు మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో ఉన్న అమెరికా వ్యోమగామి రాజాచారి 2021లో ప్రయాణమైనప్పుడు తెలుగు పత్రికలు వార్తలు వేశాయి. ఈ మూడు జ్ఞాపకాల వెనుక మూడు వేర్వేరు కేంద్రాలు ఉన్నాయి. ఆ మూడూ ఏదో ఒక దశలో పాడైనవే, ఆ మూడూ మనుషులు వెళ్లి తమ చేతులతో బాగుచేసినవే అన్న సంగతి మాత్రం ఎక్కడా పెద్దగా వినబడదు.

కేంద్రం ఎందుకు చెడుతుందో ముందుగా తెలుసుకుంటే తక్కిన కథ సులువుగా అర్థమవుతుంది. గంటకు దాదాపు 27,600 కిలోమీటర్ల వేగంతో, తొంభై నిమిషాలకోసారి భూమిని చుట్టివచ్చే కేంద్రం ప్రతి చుట్టులోనూ కొంతసేపు ఎండలో, కొంతసేపు భూమి నీడలో ఉంటుంది. ఎండ తగిలే వైపు లోహం వంద డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే, నీడవైపు సున్నాకు వంద డిగ్రీలకు పైగా దిగువకు చల్లబడుతుంది. రోజుకు పదహారు సార్లు ఇలా సాగి ముడుచుకునే రేకులు, తీగలు, కీళ్లు ఏళ్ల తరబడి అలాగే పనిచేయాలి. ఎండను విద్యుత్తుగా మార్చే సౌర ఫలకాలు, నీడలో ఉన్నంతసేపూ ఆ విద్యుత్తును అందించే బ్యాటరీలు, లోపలి వేడిని బయటికి పంపే రేడియేటర్లు, గాలిని శుభ్రం చేసే యంత్రాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడుస్తాయి గనుక, ఒకటి ఆగితే తక్కినవి వరుసగా ఆగిపోతాయి. నల్లగొండ పొలంలో బోరు మోటరు కాలిపోతే దాన్ని పైకి లాగి, ఆటోలో వేసుకుని వైండింగ్ షాపుకు తీసుకుపోవచ్చు. కేంద్రాన్ని కిందికి దింపి బాగుచేసే వీలు లేదు. మెకానిక్కే పనిముట్లు మూటగట్టుకుని అక్కడికి వెళ్లాలి.

అలాంటి మెకానిక్కులు మొదటిసారి వెళ్లింది స్కైలాబ్ దగ్గరికే. అమెరికా తొలి అంతరిక్ష కేంద్రమైన స్కైలాబ్ 1973 మే 14న శాటర్న్ ఫైవ్ రాకెట్ మీద బయలుదేరింది. ఎగిరిన దాదాపు 63 సెకన్లకే, ఎండ నుంచీ అంతరిక్షంలో దూసుకొచ్చే సన్నని రాతిరేణువుల నుంచీ కాపాడేందుకు కేంద్రం ఒంటికి చుట్టిన పలుచని కవచం గాలి ఉద్ధృతికి చీలి ఊడిపోయింది. దాంతో ఒక సౌర ఫలకపు రెక్క పట్టు సడలి కక్ష్య చేరేసరికి పూర్తిగా ఎగిరిపోగా, రెండో రెక్కకు ఆ కవచపు అల్యూమినియం పట్టీ ఒకటి చుట్టుకుని, రెక్క విచ్చుకోకుండా బిగించేసింది. అంటే కేంద్రానికి ఒకేసారి కరెంటు తగ్గింది, నీడ పోయింది. లోపల వేడి 52 డిగ్రీల దాకా పోయింది. మే నెలలో నలభై అయిదు డిగ్రీలకు అలవాటుపడిన నల్లగొండవాసికి ఆ అంకె అర్థం వేరే చెప్పనక్కర్లేదు. తలుపులు మూసిన రేకుల షెడ్డును దానికి జోడిస్తే చాలు. తిండి చెడిపోతుందని, ఫిలిం రీళ్లు పాడవుతాయని, గోడలకు అద్దిన నురుగు పదార్థం వేడికి విషవాయువులు వదులుతుందని భయపడిన ఇంజినీర్లు, మర్నాడే బయలుదేరాల్సిన వ్యోమగాముల ప్రయాణాన్ని పది రోజులు వాయిదా వేశారు.

ఆ పది రోజుల్లో వారు కనిపెట్టిన ఉపాయం ఒక గొడుగు. జాక్ కింజ్లర్ అనే సాంకేతిక నిపుణుడు చేపలు పట్టే గేలపు కర్రలను, అంటే ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి లాగితే పొడవయ్యే కర్రలను కొని తెచ్చి, వాటికి గుడ్డ కట్టి నమూనా చేసి చూపాడు. కేంద్రం గోడలో పరికరాలను బయటికి పెట్టడానికి ఒక చిన్న రంధ్రం ఉంది. మడిచిన గొడుగును అందులోంచి బయటికి తోసి అక్కడ విప్పితే, ఎండ పడే చోట నీడ పరుచుకుంటుంది. ఎండాకాలం వాకిట్లో వేసే చలువ పందిరి చేసే పని కూడా ఇదే. మే 25న బయలుదేరిన పీట్ కాన్రాడ్, జోసెఫ్ కెర్విన్, పాల్ వైట్జ్‌లు మర్నాడు ఆ గొడుగును విప్పగానే లోపలి వేడి తగ్గడం మొదలైంది.

కరెంటు సంగతి అంత తేలిగ్గా తెమలలేదు. కేంద్రం దగ్గరికి చేరిన మొదటి రోజే వైట్జ్ తమ నౌక తలుపులోంచి నడుము దాకా బయటికి వంగి, కెర్విన్ తన కాళ్లు పట్టుకుని ఉండగా, కొక్కెం కట్టిన కర్రతో రెక్కను లాగిచూశాడు గానీ అది కదల్లేదు. జూన్ 7న కాన్రాడ్, కెర్విన్‌లు అంతరిక్ష నడకకు, అంటే ప్రత్యేక దుస్తులు వేసుకుని కేంద్రం బయట చేసే పనికి వెళ్లారు. ఏడున్నర మీటర్ల గడ కొసకు తీగలు కోసే పెద్ద కత్తెర కట్టి, దాని నోటిని ఆ పట్టీకి తగిలించాలి. అయితే అక్కడ కాలు ఊనుకోవడానికి చోటు లేదు. బరువు తెలియని చోట గడను ఒకవైపు తోస్తే మనిషి రెండోవైపు పోతాడు. వృత్తిరీత్యా వైద్యుడైన కెర్విన్ చాలాసేపు ఇలా తేలుతూ తంటాలు పడి, చివరికి తన నడుముకు కట్టిన తాడును కురచ చేసి, ఆ తాడు బిగువుకు ఎదురుగా కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాడు. పట్టు దొరికాక కత్తెర పట్టీకి తగులుకుంది. పట్టీ తెగినా రెక్క కీలు బిగుసుకుపోయి ఉండటంతో ఇద్దరూ తాడు భుజాన వేసుకుని లాగారు. ఒక్కసారిగా రెక్క విడిపోయిన ఊపుకు ఇద్దరూ విసిరేసినట్టు ఎగిరి, నడుముకున్న తాళ్ల పుణ్యాన ఆగారు. కోట్ల డాలర్ల కేంద్రాన్ని నిలబెట్టింది గేలపు కర్ర, కత్తెర, తాడు అన్న సంగతి ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాల్లో ఇంకాస్త పెద్ద అక్షరాలతో ఉండాల్సింది. ఆ రెక్క విచ్చుకోబట్టే మొదటి బృందం 28 రోజులు, చివరి బృందం 84 రోజులు అక్కడ ఉండగలిగాయి.

తెలుగు పల్లెలకు స్కైలాబ్ పేరు తెలిసింది ఇదంతా ముగిసిన అయిదేళ్లకు. 1974 ఫిబ్రవరిలో ఖాళీ అయిన కేంద్రం నెమ్మదిగా కిందికి జారుతూ వచ్చింది. అంత ఎత్తున కూడా గాలి పూర్తిగా లేకుండా పోదు; సూర్యుడి మీద అలజడి పెరిగినప్పుడు భూమి పైపొరల్లోని గాలి వేడెక్కి ఉబ్బుతుంది, ఆ గాలి రాపిడికి కేంద్రం వేగం తగ్గి కక్ష్య దిగజారుతుంది. అమెరికా ఆ రోజుల్లో తయారుచేస్తున్న స్పేస్ షటిల్‌లో వ్యోమగాములను పంపి, ఒక ఇంజిన్‌ను తగిలించి కేంద్రాన్ని ఎత్తు కక్ష్యకు నెట్టాలన్న పథకం కూడా వేసుకున్నారు. షటిల్ మొదటిసారి ఎగిరింది 1981 ఏప్రిల్‌లో. స్కైలాబ్ అంతదాకా ఆగలేదు. అందుచేత 1979 నాటి భయానికి మూలం, సమయానికి బయలుదేరలేకపోయిన ఒక మరమ్మతు యాత్రే అని చెప్పవచ్చు.

స్కైలాబ్ కక్ష్య భూమధ్యరేఖకు ఉత్తరాన, దక్షిణాన యాభై డిగ్రీల మేర విస్తరించి ఉంది గనుక, ఆ పరిధిలో ఉన్న ఏ ఊరి మీదైనా దాని తునకలు పడే వీలుంది. పదహారు, పదిహేడు డిగ్రీల అక్షాంశాల దగ్గరున్న పాలమూరు, నల్లగొండలు కూడా ఆ పరిధిలోనివే. ఎవరో ఒక మనిషికి దెబ్బ తగిలే అవకాశం 152లో ఒకటి అని అమెరికా శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. లోకంలోని వందల కోట్ల మందిలో ఎవరో ఒకరికి అన్న ఆ లెక్క, రేడియో వార్తల నుంచి రచ్చబండకు చేరేసరికి, మన ఊరికే అన్న లెక్కగా మారింది. ఎలాగూ పోతామనుకుని మేకలనూ కోళ్లనూ కోసుకుని తిన్నవారు, దాచుకున్నది ఖర్చుచేసినవారు, దూరాన ఉన్న పిల్లలను ఇంటికి పిలిపించుకున్నవారు తెలంగాణ జిల్లాలన్నింటా ఉన్నారని పెద్దలు నేటికీ చెబుతారు. జూలై 11న కేంద్రం హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ తునకలై పడింది. అక్కడి ఎస్పెరాన్స్ పట్టణ పాలక మండలి, చెత్త వేసినందుకు అమెరికాకు 400 డాలర్ల జరిమానా రాసి పంపింది. ఆ భయం పూర్తిగా చల్లారకముందే, 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. నల్లగొండ సరిహద్దుకు దగ్గరలోని జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దూరదర్శినులు సిద్ధం చేసుకుని కూర్చుంటే, చుట్టుపక్కల జనం తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చున్నారు. స్కైలాబ్ అన్న మాట ఆ తరం పిల్లల పేర్లలోకీ చేరింది. కరీంనగర్ ప్రాంతంలోని బండలింగంపల్లి నేపథ్యంగా విశ్వక్ ఖండేరావు దర్శకత్వంలో ఇదే భయాన్ని చూపిన ‘స్కైలాబ్’ చిత్రం 2021 డిసెంబర్ 4న విడుదలైంది. ఆ రోజున పాలమూరు మూలాలున్న రాజాచారి ఇంకో అంతరిక్ష కేంద్రంలో కూర్చుని తెలంగాణ మీదుగా తిరుగుతున్నాడు. ఈ కాకతాళీయాన్ని అప్పట్లో ఎవరూ గమనించినట్టు లేదు.

రెండో కేంద్రం సోవియట్ యూనియన్‌ది. 1982 ఏప్రిల్‌లో ఎగిరిన దాదాపు ఇరవై టన్నుల సాల్యూట్–7లోకే 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ బయలుదేరారు. పంజాబ్‌లోని పటియాలాలో పుట్టినా హైదరాబాద్‌లో సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో, నిజాం కళాశాలలో చదువుకున్న శర్మను నగరం తనవాడిగానే లెక్కవేసుకుంటుంది. ఆయన వెళ్లేనాటికే ఆ కేంద్రం దెబ్బతిని ఉన్నదన్న విషయం మాత్రం మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదు. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్‌లో ఇంధనపు గొట్టం ఒకటి కారిపోయి, కేంద్రాన్ని కక్ష్యలో నెట్టే ఇంజిన్ల వ్యవస్థ కుంటుపడింది. శర్మకు ఆతిథ్యం ఇచ్చిన లియొనిద్ కిజిమ్, వ్లదీమిర్ సొలొవ్యోవ్‌లు, అతిథులు ఏప్రిల్ 11న దిగివెళ్లిన పన్నెండు రోజులకే బయటికి వెళ్లి ఆ గొట్టాలకు పక్కదారి వేయడం మొదలుపెట్టారు. పలుమార్లు బయటికి వెళ్లిన మీదట ఆగస్టులో గానీ ఆ పని ముగియలేదు.

అక్టోబర్‌లో వారు కూడా దిగిపోయాక ఖాళీగా తిరుగుతున్న సాల్యూట్–7 నుంచి 1985 ఫిబ్రవరి 11న మాట ఆగిపోయింది. కేంద్రం తన స్థితిని చెప్పదు, కిందినుంచి పంపిన ఆజ్ఞను వినదు. అంతకు ముందు ఏ దేశమూ ఇలాంటి మూగ వస్తువు దగ్గరికి మనుషులను పంపి జతచేయలేదు. మామూలుగా నౌక, కేంద్రం రెండూ రేడియో సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటూ దూరం, వేగం లెక్కచూసుకుని తమంతట తామే దగ్గరై అతుక్కుంటాయి. దీన్ని అనుసంధానం అంటారు. ఇక్కడ ఒకవైపు మాట లేదు. భూమి మీది రాడార్లతో కేంద్రం దారిని కనిపెట్టి, చివరి కొన్ని కిలోమీటర్లూ మనిషి కళ్లతో చూసి, చేత్తో నడిపి అతికించాలి. అందుకు వ్లదీమిర్ జానిబెకోవ్‌ను ఎంచుకున్నారు. 1982లో స్వయంచాలక వ్యవస్థ మొరాయించినప్పుడు ఇదే కేంద్రానికి నౌకను చేత్తో నడిపి చేర్చినవాడు ఆయనే. ఆయన వెంట కేంద్రపు లోపలి వ్యవస్థలన్నీ క్షుణ్ణంగా తెలిసిన ఇంజినీరు విక్తర్ సవినిఖ్ వెళ్లాడు. పనికిరాని స్వయంచాలక పరికరాలను, మూడో సీటును తీసేసి, ఆ చోట నీళ్లూ ఇంధనమూ అదనంగా నింపుకుని 1985 జూన్ 6న సోయుజ్ టీ–13 బయలుదేరింది.

జూన్ 8న కేంద్రం కంటబడినప్పుడే సంగతి సగం తెలిసిపోయింది. ఎండవైపు తిరిగి ఉండాల్సిన సౌర ఫలకాలు తలా ఒక దిక్కుకు తిరిగి ఉన్నాయి. అంటే లోపల కరెంటు బొత్తిగా లేదు. చేత పట్టుకునే లేజర్ పరికరంతో దూరం కొలుస్తూ సవినిఖ్ అంకెలు చెబుతుంటే, కిటికీలోంచి చూస్తూ జానిబెకోవ్ నౌకను నడిపి అతికించాడు. లోపలి గాలిలో విషం ఉందేమోనన్న అనుమానంతో ముఖానికి మాస్కులు వేసుకుని తలుపు తెరిచారు. గాలి బాగానే ఉంది గానీ చీకటి, నిశ్శబ్దం, గడ్డకట్టిన చలి ఎదురొచ్చాయి. గోడల మీదా గొట్టాల మీదా మంచు పేరుకుని ఉంది. ఉష్ణమాపకం సున్నాకు దిగువన చూపలేదు గనుక, ఉమ్మి చూడమని కిందినుంచి సలహా వచ్చింది. గోడ మీద పడిన ఉమ్మి కొన్ని క్షణాల్లో గడ్డకట్టింది. ఉన్ని టోపీలు, చేతితొడుగులు, బొచ్చు దుస్తులు వేసుకుని, టార్చిలైట్ల వెలుగులో ఇద్దరూ పని మొదలుపెట్టారు.

ఇక్కడ అంతరిక్షానికే ప్రత్యేకమైన ఒక చిక్కును చెప్పుకోవాలి. భూమి మీద మనిషి వదిలిన వెచ్చని గాలి తేలికై పైకి పోతుంది, దాని చోటికి కొత్త గాలి వస్తుంది. బరువు లేని చోట తేలిక, భారం అన్న తేడా ఉండదు గనుక గాలి కదలదు. ఫ్యాన్లు తిరగకపోతే వదిలిన బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, మనిషి మొహం చుట్టే మబ్బులా నిలిచిపోతుంది. ఆ కేంద్రంలో ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. ఒకచోట కదలకుండా కాసేపు పనిచేస్తే తలనొప్పి, మగత వస్తాయి. అందుచేత ఒకరు పనిచేస్తుంటే రెండోవారు కనిపెట్టుకుని ఉండాలని, తడవ తడవకూ చోటు మారాలని కిందినుంచి ఆదేశం వచ్చింది.

అసలు లోపం వెతకగా వెతకగా ఒక చిన్న భాగం దగ్గర తేలింది. బ్యాటరీ నిండిందని చెప్పి, సౌర ఫలకాల నుంచి వచ్చే కరెంటును ఆపే సెన్సర్ ఒకటి ఉంటుంది. అది పాడై, బ్యాటరీలు ఖాళీ అవుతున్నా నిండాయనే చెబుతూ కరెంటును లోపలికి రానివ్వలేదు. బ్యాటరీలు అడుగంటాక సెన్సర్‌ను సరిచేసే ఆజ్ఞను వినే రేడియో కూడా ఆగిపోయింది. స్టార్టర్ పెట్టె మొరాయించినప్పుడు దాన్ని పక్కనబెట్టి మోటరుకు డైరెక్ట్ కనెక్షన్ ఇవ్వడం పాలమూరు రైతుకు తెలియని విద్య కాదు. జానిబెకోవ్, సవినిఖ్‌లు చేసిందీ అదే. ఎనిమిది బ్యాటరీల్లో రెండు పూర్తిగా పోయాయి, ఆరింటిలో ఆశ ఉంది. సౌర ఫలకాల తీగలను నేరుగా వాటికి కలపాలి. చలిలో చేతితొడుగులు తీసేసి, పదహారు తీగల కొసలను ఒలిచి, వేళ్లతో మెలిపెట్టి, టేపు చుట్టి కలిపారు. అది అయ్యాక కేంద్రాన్ని ఎండవైపు తిప్పాలి. కేంద్రానికి కదిలే శక్తి లేదు గనుక, అతుక్కుని ఉన్న తమ నౌక ఇంజిన్లనే వెలిగించి మొత్తం కేంద్రాన్ని తిప్పారు. బ్యాటరీలు ఒక్కొక్కటే కోలుకున్నాయి. దీపాలు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, రేడియో పలికింది.

ఇంకా నీటి సమస్య మిగిలింది. ట్యాంకుల్లో నీళ్లు రాయిలా గడ్డకట్టాయి, వెంట తెచ్చుకున్నవి రోజుల లెక్కన ఉన్నాయి. ఫ్లోరైడ్ నీళ్లతో దశాబ్దాలు వేగిన నల్లగొండ పాఠకుడికి బిందెల లెక్కన బతకడం కొత్త కాదు గానీ, ఇక్కడ లెక్క గుక్కల్లో ఉంది. ఫొటోలు తీసే దీపం వేడికి నీళ్లు కాచుకుని తాగారు. కేంద్రం వేడెక్కి మంచు కరిగేకొద్దీ, ఆ తడి కిందికి కారకుండా గోడలకు, యంత్రాలకు పొరలా అంటుకుంది. తడి తగిలి తీగలు షార్టు కాకుండా దొరికిన గుడ్డలతో తుడిచారు, గుడ్డలు చాలక బట్టలు చింపారు. అంతరిక్ష చరిత్రలో అతి సాహసోపేతమైన మరమ్మతుగా పేరొందిన ఈ యాత్రలో ఇద్దరు వ్యోమగాములు ఎంతో సమయం ఇలా గుడ్డ పట్టుకునే గడిపారు. జూన్ 23న సరుకుల నౌక ప్రోగ్రెస్–24 నీళ్లు, ఇంధనం, కొత్త బ్యాటరీలతో వచ్చి అతుక్కున్నాక గండం గడిచింది. ఆగస్టు 2న ఇద్దరూ బయటికి వెళ్లి అదనపు సౌర ఫలకాలను కూడా బిగించారు. మరుసటి ఏడాది, శర్మకు ఒకప్పుడు ఆతిథ్యం ఇచ్చిన కిజిమ్, సొలొవ్యోవ్‌లే మీర్ అనే మరో సోవియట్ కేంద్రం నుంచి ఇక్కడికి వచ్చి కొన్నాళ్లు పనిచేసుకుని వెళ్లారు. 1991 ఫిబ్రవరి 7న సాల్యూట్–7 అర్జెంటీనా మీద తునకలై రాలింది.

మూడో కేంద్రం నేడు పైన తిరుగుతున్నదే. 1998 నుంచి ముక్కలు ముక్కలుగా కట్టుకుంటూ వచ్చిన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బరువు దాదాపు 420 టన్నులు. 2000 నవంబర్ 2 నుంచి అందులో మనుషులు లేని రోజు లేదు. అంటే మరమ్మతు కోసం ప్రత్యేకంగా యాత్ర చేయనక్కర్లేకుండా, ఎప్పుడూ ఎవరో ఒక మెకానిక్ ఇంట్లోనే ఉంటున్నాడు. 2007లో విప్పుతుండగా చిరిగిన ఒక సౌర ఫలకాన్ని స్కాట్ పారజిన్‌స్కీ అనే వైద్య వ్యోమగామి పొడవాటి యంత్రపు చేయి కొసన నిలబడి, కేంద్రంలో అప్పటికప్పుడు తీగలతో, అల్యూమినియం ముక్కలతో చేసిన పట్టీలతో కుట్టాడు. ఫలకంలో కరెంటు పారుతూనే ఉన్నందున పనిముట్ల లోహానికి టేపు చుట్టుకుని వెళ్లాడు. 2020లో రష్యా విభాగమైన జ్వెజ్దా గదిలోంచి గాలి కారుతోంది గానీ చిల్లు ఎక్కడో దొరకనప్పుడు, గాలిలోకి తేయాకు వదిలి, ఆకు ఎటు కొట్టుకుపోతుందో చూసి పగులును పట్టుకున్నారు. అయినా అప్పటికి ఆ గది కారడం ఆగలేదు. 2025 జూన్‌లో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా ప్రయాణం వాయిదా పడినప్పుడు కూడా ఒక కారణం అదే.

రాజాచారి కథ ఈ నేపథ్యంలో చదవాల్సినది. తాత ఉస్మానియాలో గణితం బోధించారు, తండ్రి శ్రీనివాస్ చారి అక్కడే ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లారు. 1977లో మిల్వాకీలో పుట్టిన రాజాచారికి స్కైలాబ్ పడేనాటికి రెండేళ్లు. వైమానిక దళంలో టెస్ట్ పైలట్‌గా పనిచేసి 2017లో వ్యోమగామిగా ఎంపికైన ఆయన, 2021 నవంబర్ 10న స్పేస్‌ఎక్స్ క్రూ–3 యాత్రకు నాయకుడిగా, టామ్ మార్ష్‌బర్న్, కేలా బారన్, మథియాస్ మౌరర్‌లతో కలిసి బయలుదేరారు. చేరిన నాలుగు రోజులకే, నవంబర్ 15న, రష్యా తన పాత ఉపగ్రహాన్ని క్షిపణితో పేల్చడంతో గుర్తించదగ్గ తునకలే 1,500కు పైగా కక్ష్యలో చెల్లాచెదురయ్యాయి. కేంద్రానికి చిల్లు పడితే వెంటనే బయటపడేందుకు వీలుగా వ్యోమగాములంతా తమ తమ నౌకల్లోకి వెళ్లి తలుపులు వేసుకున్నారు. నెలాఖరున జరగాల్సిన అంతరిక్ష నడక తునకల హెచ్చరికతో వాయిదాపడి, డిసెంబర్ 2న మార్ష్‌బర్న్, బారన్‌లు బయటికి వెళ్లి ఇరవై ఏళ్ల నాటి పాడైన యాంటెన్నాను మార్చారు.

రాజాచారి వంతు 2022 మార్చిలో వచ్చింది. కేంద్రపు ఎనిమిది సౌర ఫలకపు రెక్కలు పదిహేనేళ్లు పనిచేయడానికి చేసినవి. వయసు మీరి కరెంటు తగ్గుతున్నందున, చాపలా చుట్టి పంపి పైన విప్పే కొత్త ఫలకాలను పాతవాటి ముందు బిగించాలని నిర్ణయించారు. ఇలా విప్పే ఒక్కో ఫలకం 20 కిలోవాట్లకు పైగా ఇస్తుంది. వాటిని నిలబెట్టే చట్రాన్ని, అంటే కొత్త పందిరికి వేసే గుంజల వంటి దానిని, మార్చి 15న చారి, బారన్‌లు ఏడు గంటలకు కాస్త తక్కువ సమయంలో బిగించారు. అంతరిక్ష దుస్తుల లోపల గాలి ఒత్తిడి ఉంటుంది గనుక చేతితొడుగు ఊదిన బుడగలా బిర్రుగా ఉంటుంది. ఒక్కో బోల్టు తిప్పడానికి పిడికిలి బిగించిన ప్రతిసారీ ఆ బిర్రును ఎదిరించాలి. వేళ్ల గోళ్లు ఊడినవారు కూడా ఉన్నారు. దేశమంతటా ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్వి, ఏ రాతిఫలకం మీదా పేరు లేకుండా తిరిగొచ్చిన పాలమూరు కూలీల నేల నుంచి వెళ్లిన కుటుంబపు మనిషి చేసిన పని, స్వభావంలో వారి పనికి అంత దూరమేమీ కాదు.

మార్చి 23న చారి, మౌరర్‌లు వెళ్లినది చల్లదనపు వ్యవస్థ కోసం. కేంద్రం లోపలి యంత్రాల వేడిని నీరు సేకరిస్తుంది. ఆ వేడిని బయటి గొట్టాల్లో తిరిగే అమ్మోనియా అందుకుని రేడియేటర్లకు చేర్చి శూన్యంలోకి వదిలేస్తుంది. అమ్మోనియా సున్నాకు 77 డిగ్రీల దిగువ దాకా గడ్డకట్టదు గనుక బయట అదే పనికొస్తుంది. మనిషికి విషం గనుక లోపలికి రానివ్వరు. రేడియేటర్లకు పోయే ఆ అమ్మోనియాను అదుపుచేసే కవాటం దగ్గర ఇద్దరూ గొట్టాలు బిగించారు, యూరప్ ప్రయోగశాల బయట తీగలు కలిపారు, ఒక కెమెరాను మార్చారు. ఈ నడక కూడా ఏడు గంటలకు దగ్గరగా సాగింది. లోపలికి వచ్చి మౌరర్ శిరస్త్రాణం తీసినప్పుడు అద్దం మీదా, తల వెనుక మెత్త మీదా తడి కనిపించింది. బరువు లేని చోట నీరు జారిపోకుండా ముఖానికి అంటుకుని ముక్కు, నోరు మూసేస్తుంది. 2013లో లూకా పర్మితానో అనే ఇటలీ వ్యోమగామి ఇలాగే చావు అంచుదాకా వెళ్లాడు. ఆ తడికి కారణం తేలేదాకా నాసా నెలల తరబడి అంతరిక్ష నడకలను ఆపివేసింది. బాగుచేసే దుస్తులకే మరమ్మతు అవసరమైంది.

చారి బృందం 2022 మే 6న ఫ్లోరిడా దగ్గర సముద్రంలో దిగింది. అదే ఏడాది డిసెంబర్ 3న జాష్ కసాడా, ఫ్రాంక్ రూబియో అనే వ్యోమగాములు, అంతకు ముందు చారి, బారన్‌లు బిగించిన చట్రం మీద కొత్త ఫలకాన్ని నిలిపి విప్పారు. ఈ దశాబ్దం ముగిశాక కేంద్రాన్ని స్కైలాబ్‌లా ఎక్కడపడితే అక్కడ రాలనివ్వకుండా, దక్షిణ పసిఫిక్‌లో మనుషులు లేని చోట దింపేందుకు ప్రత్యేకంగా ఒక నౌకను తయారుచేసే కాంట్రాక్టును నాసా 2024 జూన్‌లో స్పేస్‌ఎక్స్‌కు ఇచ్చింది. ఆ నౌక పైకి వెళ్లేదాకా కేంద్రాన్ని కాపాడుకుంటూ రావాలి గనుక, జ్వెజ్దా గది పగుళ్ల మీద వ్యోమగాములు ఒకదాని తర్వాత ఒకటిగా అతుకులు వేస్తూ వచ్చారు.